సీటొచ్చింది, మరి చోటు?

జన్మభూమి ఎక్స్‌ప్రెస్ లింగంపల్లి చేరేసరికి చీకటి పడుతుంది. ప్రవేశాల రోజుల్లో ఆ రైలు దిగేవాళ్లలో పరిశోధక విద్యార్థిని ఇట్టే పోల్చుకోవచ్చు. సామాను కింద పెట్టినా సర్టిఫికెట్ల ఫైలు మాత్రం చంకలోంచి దించడు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సీటు ఖాయమైంది. ఆ రాత్రి పడక మాత్రం ఎవరో సీనియర్ గదిలో, నేల మీద.

ఉస్మానియాలో ఇలా తలదాచుకునేవాళ్లకు ఒక పేరే స్థిరపడిపోయింది: నాన్ బోర్డర్లు. చదువు ముగిసినా గది వదలనివారూ అందులో ఉంటారు, చదువు మొదలైనా గది దొరకనివారూ ఉంటారు. తనిఖీకి వచ్చేవారి కళ్లకు ఇద్దరూ ఒకటే.

క్యాంపస్‌లో గది లేకపోతే బయట వెతుక్కోవచ్చుగా అంటారు. కేంద్రీయ విశ్వవిద్యాలయం 1974లో ఏర్పడి, అబిడ్స్‌లోని గోల్డెన్ థ్రెషోల్డ్‌లో మొదలై, ఆ తర్వాత గచ్చిబౌలికి తరలింది. అప్పట్లో అక్కడ బండరాళ్లూ పొదలే. ఇప్పుడు నగరమే దాన్ని చుట్టుముట్టింది. నల్లగండ్ల, గోపన్‌పల్లి, మసీదుబండల్లో గది అద్దె పక్క మంచం మీది ఐటీ ఉద్యోగి జీతాన్ని బట్టి పెరుగుతుంది, విద్యార్థి జేబును చూసి తగ్గదు.

ఆ జేబులో ఉన్నదెంత? నెట్ పరీక్ష ద్వారా వచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ 2014లో రూ.25,000 అయింది, 2019లో రూ.31,000కు, 2023 జనవరి నుంచి రూ.37,000కు పెరిగింది. హాస్టల్ దొరకనివారికి ఇంటద్దె భత్యం అదనం. అదే విభాగంలో, అదే గైడు దగ్గర పనిచేసే నాన్ నెట్ పరిశోధకుడికి యూజీసీ ఇచ్చేది పదేళ్లకు పైగా నెలకు రూ.8,000 మాత్రమే. ఇంటద్దె భత్యం లేదు. పైగా ఫెలోషిప్ మొదటి విడత సంతకాలన్నీ దాటుకుని ఎప్పటికో వస్తుంది. ఇంటి యజమానికి అడ్వాన్సు మాత్రం సామాను దించకముందే కావాలి. ఆ మధ్యకాలాన్ని ఊళ్లో తెచ్చిన వడ్డీ అప్పు పూడుస్తుంది.

డబ్బున్నా తలుపు తెరుచుకుంటుందన్న భరోసా లేదు. టులెట్ బోర్డు చూసి గేటు తడితే మొదటి ప్రశ్న ‘బ్యాచిలర్సా?’. రెండోది ‘నాన్ వెజ్ వండుతారా?’. మూడోది కాస్త గొంతు తగ్గించి: ‘మీరేమిట్లు?’. చదువు గురించి అడిగితే, అది ఆ తర్వాతే.

కొత్త ఊళ్లో కుదురుకోవడాన్ని మనం విద్యార్థి నేర్పుగా చూస్తాం. నిజానికి అది వెనకున్న బలగం. కూకట్‌పల్లిలో బాబాయి ఇల్లున్నవాడు మొదటి వారమే లైబ్రరీలో కూర్చుంటాడు. ఎవరూ లేనివాడు ఆ వారమంతా గదుల చుట్టూ తిరుగుతాడు. సెమిస్టర్ చివర మార్కులు మాత్రం ఇద్దరికీ ఒకే కొలతతో వేస్తారు.

హాస్టళ్లు కట్టడానికి నిధులు లేవన్న అధికారుల మాట కొట్టిపారేయదగింది కాదు. కానీ కోట్లు అక్కర్లేని పనులూ ఉన్నాయి. ప్రవేశాలకు ముందే ఎన్ని గదులున్నాయో ప్రకటించవచ్చు. కేటాయింపు తేలేదాకా కొత్తవారికి ఒక హాలులో మంచాలు వేయవచ్చు. ఫెలోషిప్‌లో మొదటి రెండు నెలలది ముందుగానే ఇచ్చి తర్వాత సర్దుబాటు చేసుకోవచ్చు. రూ.8,000ను సవరించడం యూజీసీ చేతిలోని పని. తలుచుకుంటే విధానాలు మారతాయనడానికి రుజువు ఉంది: క్యాంపస్ బయట కనీసం 90 రోజులుండే హాస్టల్ వసతికి, మనిషికి నెలకు రూ.20,000 దాకా పన్ను ఉండకూడదని 2024 జూన్‌లో జీఎస్టీ మండలి తీర్మానించింది. వసతి విలాసం కాదని పన్నుల శాఖ గ్రహించింది. విద్యాశాఖకే ఇంకా పట్టలేదు.

ప్రవేశపత్రంలో కోర్సు పేరుంటుంది, కట్టాల్సిన ఫీజుంటుంది, చేరాల్సిన ఆఖరి తేదీ ఉంటుంది. అందులో ఇంకొక్క గడి చేర్చాలి: గది నంబరు.