సీట్ల లెక్కలో చిక్కుకున్న ఉద్యోగం

ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచే చిలకలూరిపేట కల్యాణ మండపాలకు పెళ్లిళ్లతో పాటు ఇంకో గిరాకీ మొదలవుతుంది. ఈ వారం ఒక విశ్వవిద్యాలయం కెరీర్ గైడెన్స్ సదస్సు పెడితే, పై వారం ఇంకొకటి ప్రతిభా పురస్కారాల సభ పెడుతుంది. జాతీయ రహదారి 16 పక్కన గుంటూరు దాకా పట్టాల టోపీలు పెట్టుకున్న పిల్లల హోర్డింగులే. ఈ సభల్లో వేదిక వెనక, ఒక చేత్తో ఫోను, మరో చేత్తో అతిథుల జాబితా పట్టుకుని పరుగులు తీసే పాతికేళ్ల కుర్రవాడో అమ్మాయో కనిపిస్తారు. మెడలో వేలాడే కార్డు మీద ఈవెంట్స్ కోఆర్డినేటర్, మార్కెటింగ్ విభాగం అని ఉంటుంది.

పల్లెటూరి కుటుంబానికి విశ్వవిద్యాలయం తరఫున మొదట పరిచయమయ్యేది వైస్ ఛాన్సలరూ ప్రొఫెసరూ కారు, ఈ కోఆర్డినేటరే. అయినా ఈ ఉద్యోగం గురించి మనం మాట్లాడుకోం. ఇందులో చేరేవాళ్లు ఎక్కువగా మన జిల్లాల్లోనే ఎంబీఏ చదివిన పిల్లలు. వాళ్ల పనికి విలువ కట్టే పద్ధతి మొదటి నుంచీ తప్పుగా ఉంది. సభ ఎలా జరిగింది, వచ్చినవాళ్లకు ఏం తెలిసింది అని కాకుండా ఎన్ని సీట్లు నిండాయన్నదే వాళ్లకు కొలమానమైంది. ఆ కొలమానం మారకపోతే నష్టపోయేది ఆ ఉద్యోగి ఒక్కరే కాదు.

ఇక్కడికి ఎలా వచ్చామో చూద్దాం. 2008 నాటికి ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. పేదింటి పిల్లలకు ఇంజినీరింగ్ తలుపు తెరిచిన పథకమది, దాని మేలును తక్కువ చేయలేం. అయితే నిండిన ప్రతి సీటూ యాజమాన్యానికి ఖాయమైన రాబడి అయింది. ఉమ్మడి రాష్ట్రంలో ఇంజినీరింగ్ కాలేజీలు ఏడు వందల దగ్గరికి పోయాయి. పిల్లలు చాలక సీట్లు మిగిలాయి. వేసవి సెలవుల్లో లెక్చరర్లే టార్గెట్లు పట్టుకుని ఊళ్ల మీద పడ్డారు. ఊరికో పీఆర్వో, సీటుకో కమీషన్ మామూలైపోయాయి. ఈలోగా మన చుట్టూ విశ్వవిద్యాలయాలు లేచాయి. వడ్లమూడిలో విజ్ఞాన్‌కు 2008లో, వడ్డేశ్వరంలో కేఎల్‌కు 2009లో డీమ్డ్ హోదా వచ్చింది. 2016 నాటి ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టంతో 2017లో అమరావతిలో ఎస్ఆర్ఎం, విట్ తెరుచుకున్నాయి. వీశాట్, కేఎల్ఈఈఈ, ఎస్ఆర్ఎంజేఈఈఈ, విటీఈఈఈ అంటూ ఎవరి ప్రవేశ పరీక్ష వాళ్లది. ప్రభుత్వ కౌన్సెలింగ్ కోసం ఎదురుచూస్తే పిల్లవాడు పక్క సంస్థకు పోతాడన్న తొందర అందరిలోనూ ఉంది. చదువులో ఈ సంస్థలు సాధించింది ఉంది, వీటి వల్ల మన పిల్లలు చెన్నై, బెంగళూరు పోకుండా ఇంటికి దగ్గర్లోనే చదువుకుంటున్నారు. ఏ ఒక్క సంస్థనో వేలెత్తి చూపడానికి ఇది రాయడం లేదు. పోటీ అందరినీ ఒకే దారిలో నడిపిస్తోంది, ఆ బరువు పడేది మాత్రం జీతం తక్కువున్న ఉద్యోగి మీద.

పని విషయానికొస్తే, ఇది చిన్న పనేం కాదు. హాలు మాట్లాడాలి, ఫ్లెక్సీ ప్రూఫు అక్షరం అక్షరం చూడాలి. ముఖ్య అతిథి ఇంటిపేరులో ఒత్తు ఎగిరిపోతే ఆ రోజంతా క్షమాపణలతోనే సరిపోతుంది. సౌండ్ వాళ్లకు అడ్వాన్సు, జనరేటరుకు డీజిలు, పల్లెల నుంచి పిల్లల్ని తెచ్చే బస్సులు, శాలువాలు, మెమెంటోలు, రెండొందల మందికి చెప్పిన టిఫిన్లు మూడొందల మందికి సరిపెట్టే ఉపాయం, ఎమ్మెల్యే గారి పక్క కుర్చీ ఎవరిదన్న గొడవ, అన్నీ ఆ ఒక్కరే చూసుకోవాలి. వేసవి గడిచిందని ఊపిరి పీల్చుకునేలోగా స్నాతకోత్సవం, పూర్వ విద్యార్థుల కలయిక, జాతీయ సదస్సు వచ్చి మీద పడతాయి. వడ్లమూడిలో జరిగే మహోత్సవ్ లాంటి విద్యార్థి ఉత్సవాలకు పొరుగు రాష్ట్రాల నుంచి కూడా వేలల్లో పిల్లలు వస్తారు. అంతమందికి బస, భోజనం, భద్రత చూడటమంటే చిన్నపాటి తిరునాళ్ల నడిపినట్టే. ఇంత నేర్పున్న మనిషిని ఏడాది చివర్లో కూర్చోబెట్టి అడిగేది మాత్రం, నీ సభల నుంచి అడ్మిషన్లు ఎన్ని అని.

ఈ పనికి పనికొచ్చే నేర్పు మన ప్రాంతంలో కొత్తగా పుట్టింది కూడా కాదు. చిలకలూరిపేటను ఆనుకుని ఉన్న పురుషోత్తమపట్నం నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి శివరాత్రికి కోటప్పకొండకు విద్యుత్ ప్రభలు బయలుదేరతాయి. చందాలు, వెదురు, బల్బుల వరసలు, ట్రాక్టర్లు, దారిలో అడ్డొచ్చే కరెంటు తీగలు, పోలీసులు, కొండ కింద ఎవరి ప్రభ ఎక్కడ నిలబెట్టాలన్న తగువు, అన్నీ ఊరి కుర్రాళ్లే సంబాళించుకుంటారు. వ్యాపార నిర్వహణ కోర్సులో నేర్పని పాఠాలు అక్కడ నేర్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. అలాంటివాళ్లను తీసుకొచ్చి ఫోన్ నంబర్లు పోగుచేసే పనికి కుదించడం నాకు బాధ కలిగిస్తుంది.

ఫోన్ నంబర్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. సభలో జ్యోతి వెలిగించగానే క్లిప్ బోర్డులు వరసల వెంట కదులుతాయి. పేరు, చదివిన కాలేజీ, ఎంపీసీయా బైపీసీయా, ఈఏపీసెట్ రాశావా, నాన్న ఫోను, అమ్మ ఫోను, వాట్సాప్ వేరేదైతే అదీ. పిల్లలు పక్కవాడి వీపు మీద కాగితం ఆనించి గబగబా నింపేస్తారు. సంతకం ఉండదు, ఎందుకు తీసుకుంటున్నారో ఎవరూ చెప్పరు. సాయంత్రం హాలు ఊడవకముందే ఆ వివరాలన్నీ ఎక్సెల్ షీట్లోకి ఎక్కుతాయి. రెండో రోజు నుంచి ఫోన్లు మొదలు. కల్లంలో మిర్చి ఆరబోసుకుంటున్న తండ్రికి ఒకే పూటలో నాలుగు కాలేజీల నుంచి ఫోన్లు వస్తాయి. అందులో రెండింటి పేరు ఆయన ఎన్నడూ విని ఉండడు. నంబరు వాళ్లకెలా పోయిందో ఆయనకు తెలియదు, అడిగితే చెప్పేవాళ్లూ లేరు.

ఇంటర్ రెండో ఏడాది పిల్లల్లో చాలామందికి పద్దెనిమిదేళ్లు నిండవు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిది లోపు వాళ్లు పిల్లలే. వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన అనుమతి ఉండాలి. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైనవి పూర్తిగా అమలయ్యేందుకు 18 నెలల గడువు ఇచ్చారు. గడువు ఉంది కదా అని అప్పటిదాకా ఆగడం ఒక పద్ధతి. పిల్లల చదువు బాధ్యత తీసుకున్న సంస్థ ముందే సర్దుకోవడం ఇంకో పద్ధతి. విశ్వవిద్యాలయానికి రెండోదే తగినది.

ఆ సభల్లో నా చూపు ఎప్పుడూ వెనక వరసల మీదికే పోతుంది. పత్తి, మిర్చి వేసే తండ్రులు తువ్వాలు భుజాన వేసుకుని అక్కడే కూర్చుంటారు. వాళ్లు అడిగే ప్రశ్నలు రెండు మూడే ఉంటాయి. “ఈ ఫీజు నాలుగేళ్లూ ఇంతేనా, ఏటా పెరుగుద్దా?” అన్నది మొదటిది. దానికి వేదిక మీద జవాబు దొరకదు, అడ్మిషన్ కౌంటరుకు రమ్మంటారు. ఆ ప్రశ్న బరువెంతో చూడండి. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయినప్పుడు మార్కెట్ జోక్య పథకం కింద కేంద్రం క్వింటాలుకు కట్టిన లెక్క 11,781 రూపాయలు. ఏడాదికి మూడు లక్షల ఫీజు అనుకుంటే పాతిక క్వింటాళ్లు దాటిపోతుంది. అంటే మంచి కాపు వచ్చిన ఏడాది కూడా పెట్టుబడి, కూలీలు, కౌలు తీయకముందు ఎకరం పంట మొత్తం ఫీజుకే పోతుంది. హాస్టలు, పుస్తకాలు ఆపైన. ఇంత లెక్క తలలో పెట్టుకుని వచ్చిన మనిషికి వేదిక మీద చూపేది కోటి ప్యాకేజీ తెచ్చుకున్న ఒక్క విద్యార్థి ఫోటో.

ఆ ఫోటోలో అబద్ధం లేకపోవచ్చు. కాని ఆ తండ్రికి కావాల్సింది తన పిల్లవాడి లాంటి మామూలు విద్యార్థికి ఏం వస్తుందన్నది. ఆ అంకె దాచేది కూడా కాదు. 2016లో మొదటి జాబితా విడుదల చేసిన జాతీయ ర్యాంకింగుల వ్యవస్థ ఎన్ఐఆర్ఎఫ్‌కు విద్యాసంస్థలు ఉద్యోగాలు వచ్చిన విద్యార్థుల మధ్యస్థ జీతం కూడా తెలియజేయాలి. జీతాలన్నీ వరసగా పేర్చితే సరిగ్గా నడిమధ్య నిలిచే అంకె అది. ఆ పత్రాలు అందరికీ అందుబాటులోనే ఉంటాయి. కావాల్సిందల్లా ఆ అంకెను బ్రోచరు మొదటి పేజీలో, పెద్ద అక్షరాల్లో తెలుగులో వేయడం.

హోర్డింగు మీద గ్రేడుల సంగతీ అంతే. విద్యాసంస్థల నాణ్యతను తూచే న్యాక్ ఇచ్చే గ్రేడు కోసం లంచాలు చేతులు మారాయన్న ఆరోపణపై 2025 ఫిబ్రవరిలో సీబీఐ గుంటూరు జిల్లాకు చెందిన ఒక విద్యాసంస్థ ప్రతినిధులనూ తనిఖీ బృందం సభ్యులనూ అరెస్టు చేసింది. నిజానిజాలు న్యాయస్థానంలో తేలాల్సినవే. కానీ ఆ వార్త చదివిన రైతు మళ్లీ ఏ హోర్డింగునూ మునుపటి నమ్మకంతో చూడడు. నిజాయితీగా గ్రేడు తెచ్చుకున్న సంస్థలకూ అది దెబ్బే.

కోచింగ్ సెంటర్ల విషయంలో ప్రభుత్వం ఇప్పటికే కదిలింది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో వాటి ప్రకటనలకు మార్గదర్శకాలు ఇచ్చింది. సీటు గ్యారంటీ, ఉద్యోగం గ్యారంటీ లాంటి మాటలు కుదరవంది. పిల్లవాడు నెగ్గిన తర్వాత రాతపూర్వక అనుమతి తీసుకోకుండా అతని ఫోటో వేయకూడదంది. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో పది లక్షల దాకా జరిమానా ఉంది. విశ్వవిద్యాలయాలు వినియోగదారుల చట్టం కిందికి వస్తాయా లేదా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అది ఎటు తేలినా, నలభై రోజుల కోచింగుకు ఉన్న నియమం నాలుగేళ్ల డిగ్రీకి లేకపోవడం ఏం న్యాయం?

యాజమాన్యాలకూ ఒక వాదన ఉంది, దాన్ని కొట్టిపారేయలేం. సీట్లు నిండకపోతే ల్యాబులూ జీతాలూ ఎక్కడి నుంచి వస్తాయి? పక్కవాళ్లు ఊళ్లూ వాడలూ తిరుగుతుంటే మేమొక్కళ్లం తలుపు వేసుకుని కూర్చోవాలా? సరే, తిరగండి, సభలూ పెట్టండి. కానీ అడ్మిషన్ల టార్గెట్‌ను అడ్మిషన్ల విభాగానికే ఉంచండి. ఈవెంట్స్ కోఆర్డినేటర్ జీతం పెంపును సీట్లతో ముడిపెట్టకండి. సభకు వచ్చిన కుటుంబాల్లో ఎన్ని ఫీజు వివరాల కాగితం ఇంటికి తీసుకెళ్లాయి, ఎన్ని ప్రశ్నలకు వేదిక మీదే జవాబు దొరికింది, ఎంతమంది ప్రభుత్వ జూనియర్ కాలేజీ పిల్లలు క్యాంపస్‌కు వచ్చి ల్యాబు కళ్లారా చూశారు, వీటిని లెక్కపెట్టండి. ఇలా పనిచేసే కోఆర్డినేటర్ మూడేళ్లలో ఆ ప్రాంతంలో ప్రతి ప్రిన్సిపాలుకూ పేరుపెట్టి తెలిసిన మనిషి అవుతాడు. ఇప్పుడున్న పద్ధతిలో రెండు వేసవులు కూడా నిలవకుండా మానేసేవాళ్లే ఎక్కువ. వాళ్లతో పాటే పరిచయాలూ పోతాయి, సంస్థ మళ్లీ మొదటికొస్తుంది. ఆ ఖర్చు ఎవరి లెక్కల పుస్తకంలోనూ కనపడదు.

రాష్ట్ర ఉన్నత విద్యామండలి 1988 నుంచి ఉంది. కొత్త చట్టం అక్కర్లేకుండా ఇంటర్ ఫలితాలకు ముందే ఆ మండలి చొరవ తీసుకుని సంస్థలన్నిటినీ ఒక ఒప్పందానికి తేవచ్చు. కల్యాణ మండపంలో సభ పెట్టే ప్రతి విశ్వవిద్యాలయమూ ద్వారం దగ్గరే మూడు అంకెలు తెలుగులో రాసి పెట్టాలి: హాస్టలుతో కలిపి నాలుగేళ్ల మొత్తం ఫీజు, మధ్యస్థ జీతం, చేరిన వందమందిలో నాలుగేళ్లకు పట్టా పుచ్చుకుని వెళ్లినవాళ్లెందరో. తల్లో తండ్రో పక్కనుండి సంతకం పెడితేనే పిల్లవాడి నంబరు తీసుకోవాలి. ఆ బోర్డు రాయించి నిలబెట్టే పని, ఆ కాగితం అర్థమయ్యేలా చెప్పి సంతకం తీసుకునే పని ఈవెంట్స్ కోఆర్డినేటర్‌కు అప్పగిస్తే, ఈ వేసవి సభల నుంచే మొదలుపెట్టొచ్చు.