ద్వీపాంతరము

ద్వీపాంతరమనగా వేరొక ద్వీపము. సమాసార్థము అంతే. "ద్వీపాంతరవాస శిక్ష" అన్న మాటను పాఠాలలో చదివి, పిల్లలచేత చదివించి, మనము సులువుగా ముందుకు సాగిపోతాము. ఆ మాట బరువు అండమానులోని సెల్యులార్ జైలు వరండాలో నిలబడినప్పుడు గాని బోధపడదు.

విశ్రాంత ఉపాధ్యాయులము కొందరము గుంటూరు నుండి విశాఖ చేరి, అచ్చట ఓడ ఎక్కి పోర్ట్ బ్లెయిర్ వెళ్ళాము. 2024లో ఆ ఊరికి శ్రీ విజయపురమని పేరు మార్చారు. ప్రయాణమంతా నలుదిక్కులా నీరే. తిరుగు టిక్కెట్టు జేబులో ఉన్నవానికి అది విహారము. లేనివానికి ఏమై ఉండునో ఊహించుకోవలసినదే.

ఆ జైలు నిర్మాణము 1896లో మొదలై 1906లో ముగిసినది. నడుమ ఒక బురుజు, దాని చుట్టూ బండిచక్రపు ఆకులవలె మూడేసి అంతస్తుల భవనాలు ఏడు. నేడు నిలిచినవి మూడు. ఒక వరుస గదుల ముఖము మరొక వరుస వీపును చూచునట్లు కట్టారు. ఖైదీకి ఖైదీ ముఖము కనబడరాదని ఏర్పాటు. గది పొడవు పదమూడున్నర అడుగులు, వెడల్పు ఏడున్నర.

మన పల్లెలలో గానుగకు ఎద్దును కట్టేవారు. అలసినదని తోచితే విప్పి నీళ్ళు పెట్టేవారు. అచ్చట గానుగకు మనిషిని కట్టారు. రోజుకు 30 పౌన్ల కొబ్బరినూనె తీయవలెను, తగ్గితే శిక్ష. మన ప్రాంతపు రైతుబిడ్డలకు ఇంతకంటె వివరించనక్కరలేదు.

మిత్రులారా, నేను చెప్పదలచినది ఇది. తెలుగువారికి ఆ దీవులలో ఒక బాకీ ఉన్నది. అడవి చట్టాల పీడ 1922లో రెండుచోట్ల రగిలినది. మా పల్నాటిలో పుల్లరి కట్టమని నిలిచిన కన్నెగంటి హనుమంతు ఆ ఏడే తుపాకికి బలి అయినాడు. మన్యములో అల్లూరి సీతారామరాజు లేచినాడు; 1924 మే 7న ఆయనను కాల్చి చంపారు. మన పాఠాలలో కథ సాధారణముగా అక్కడితో ముగుస్తుంది.

ఆయన వెంట నడచినవారి కథ అక్కడ ముగియలేదు. పట్టుబడిన వారిలో కొందరిని అండమానుకు పంపారు. వారిలో ఒకడు గాం మల్లుదొర. శిక్ష అనుభవించి తిరిగివచ్చి, 1952లో విశాఖపట్టణము నుండి తొలి లోక్‌సభకు ఎన్నికైనాడు. తనను ద్వీపాంతరము పంపిన ప్రభుత్వము పోయి, తన ప్రజల ఓటుతో శాసనసభ్యులకు మించిన పీఠమెక్కినాడు. ఈ సంగతి మన విద్యార్థులలో ఎందరు చెప్పగలరు?

నాయకుని పేరు చాలదా అని కొందరు అడుగుతారు. సీతారామరాజు త్యాగాన్ని తగ్గించుట నా ఉద్దేశము కాదు. కాని తుపాకికి ఎదురు నిలుచుట ఒక ధైర్యము. కొండలలో స్వేచ్ఛగా తిరిగిన మనిషి, సముద్రమే ప్రాకారమైన చోట ఏళ్ళ తరబడి ప్రతి ఉదయమూ లేచి బ్రతుకుట మరొక ధైర్యము. మన పిల్లలకు రెండవది కూడా తెలియవలెను. వారి బ్రతుకులలో ఎక్కువగా అక్కరకు వచ్చేది అదే.

కనుక తరగతి గదిలో ఉన్న మాస్టార్లకు నా మనవి: రంప పితూరీ చెప్పేటప్పుడు ఇంకొక్క అయిదు నిమిషాలు తీసుకోండి. ద్వీపాంతరమను మాటకు అర్థము చెప్పి, ఆ ప్రక్కనే మల్లుదొర పేరు కూడా బోర్డు మీద వ్రాయండి.