ఎండాకాలపు గోదారికి ప్రమాద హెచ్చరిక లేదా?

2025 మే 26న కోనసీమ జిల్లా ముమ్మిడివరం మండలం కమిని దగ్గర గౌతమి పాయలో స్నానానికి దిగిన యువకుల్లో ఎనిమిది మంది మునిగిపోయారు. దగ్గర్లో ఒక వేడుకకు వచ్చినవాళ్లు వాళ్లు. అంతకు మూడు నెలల ముందు, శివరాత్రి రోజున, తూర్పుగోదావరి జిల్లా తాడిపూడి రేవులో ఐదుగురు యువకులు పోయారు. ఈ రెండు చోట్లా వరద లేదు, తుపాను లేదు. గోదారి తగ్గి, ఇసుక తిన్నెలు బయటపడి, చూడ్డానికి ఎంతో నెమ్మదిగా కనిపించే రోజులవి.

మర్నాడు పేపర్లలో వచ్చే శీర్షిక మనందరికీ కంఠతా వచ్చు: 'ప్రాణం తీసిన ఈత సరదా'. ఈ 'సరదా' అన్న మాట దగ్గరే మాకు పేచీ ఉంది. నలభై రెండు, నలభై మూడు డిగ్రీల ఎండలో రేకుల ఇంట్లో కూర్చోలేని పిల్లవాడు నీళ్ల కోసం వెతుక్కుంటే దాన్ని సరదా అనడం సుఖంగా ఉన్నవాళ్ల భాష. ఏసీ గది ఉన్నవాడికి ఈత సరదాయే కావచ్చు.

డెల్టాలో నీటి క్యాలెండర్ ఎలా నడుస్తుందో చూడండి. ధవళేశ్వరం దగ్గర 1852 నాటికి కాటన్ ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఇక్కడి బతుకంతా కాలువల మీదే. దాళ్వా పంట చేతికొచ్చాక, సాధారణంగా ఏప్రిల్‌లో, కాలువలు కట్టేస్తారు. మళ్లీ జూన్‌లో వదులుతారు. కట్టే ముందు మంచినీటి చెరువులు నింపుకుంటారు కాబట్టి వాటిలో ఎవరినీ దిగనివ్వరు, దిగకూడదు కూడా. మిగతా చెరువుల్లో చాలావాటిని పంచాయతీలు చేపల పెంపకానికి పాటకిస్తాయి. అక్కడ కాపలా ఉంటుంది. పంట కాలువల్లో మిగిలేది అడుగున బురద, పైన గుర్రపుడెక్క. సరిగ్గా ఎండలు ముదిరే రెండు నెలల్లోనే పిల్లలకు దగ్గరి నీళ్లన్నీ మూసుకుపోతాయి. ఇక మిగిలింది ఏరు.

చలి దేశాల్లో నీళ్లలో దిగేవాళ్లకు మొదట చెప్పేది నీటి ఉష్ణోగ్రత. చన్నీళ్లలో ఒక్కసారి పడితే ఊపిరి బిగుసుకుపోయి మునిగిపోతారు. బహిరంగ జలాల్లో జరిగే ఈత పోటీలకు అంతర్జాతీయ సమాఖ్య 16 డిగ్రీలు కనీసంగా, 31 డిగ్రీలు గరిష్ఠంగా పెట్టింది. మనకు మొదటి హద్దుతో పని లేదు. మే నెల మధ్యాహ్నం లోతులేని పాయలో పైనీరు గోరువెచ్చగా ఉంటుంది. చల్లదనం కోసం పిల్లలు ఇంకొంచెం, ఇంకొంచెం లోపలికి నడుస్తారు. మోకాలి లోతు, నడుము లోతు, ఆ తర్వాతి అడుగు ఇసుక తవ్వి వదిలేసిన గోతిలో. పైనుంచి చూస్తే ఆ గొయ్యి కనపడదు. కింది లంకల దగ్గర సముద్రపు పోటుపాట్లకు మట్టం కూడా మారుతుంది. ఒకడు జారితే చెయ్యందించబోయిన స్నేహితుడు, వాడి కోసం ఇంకొకడు. అందుకే ఇవి ఒంటరి చావులుగా కాక గుంపు చావులుగా ఉంటున్నాయి.

మరి ఈత వచ్చినా ఎందుకు పోతారు? వాడ పిల్లలకు ఈత రాదనడం అబద్ధం. చాలామంది కాలువలో నేర్చుకుంటారు. కానీ కాలువ ఈత వేరు. నాలుగు బారలు వేస్తే గట్టు అందుతుంది. అడుగు ఎంత లోతో తెలుసు. ఏటి ఈతకు ఇవేమీ ఉండవు. ఆడపిల్లలకైతే కాలువ ఈత కూడా లేదు. రేవులో బట్టలుతికే అమ్మాయి కాలు జారితే ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు.

దీని వెనుక పాత చరిత్ర ఉంది. ఊరి చెరువు, ఊరి రేవు వాడకు ఎప్పుడూ సొంతం కాలేదు. 1985 జులైలో కారంచేడు మారణకాండకు నాంది పలికింది ఒక చెరువు గట్టే. మాదిగలు తాగే నీళ్లలో గేదెల కుడితి బకెట్లు కడగొద్దన్నందుకు మొదలైన దాడి అది. నీళ్ల దగ్గర నిలబడే హక్కే లేనివాళ్లకు ఆ నీళ్లలో ఈదడం తీరిగ్గా నేర్చుకునే అవకాశం ఎక్కడిది? అమెరికాలోనూ ఇదే కథ. 1964 జూన్‌లో ఫ్లోరిడాలోని సెయింట్ ఆగస్టీన్‌లో నల్లజాతి ఉద్యమకారులు ఒక మోటల్ కొలనులో దిగితే యజమాని ఆ నీళ్లలో యాసిడ్ పోశాడు. ఈరోజుకీ అక్కడ 10 నుంచి 14 ఏళ్ల నల్లజాతి పిల్లలు ఈత కొలనుల్లో మునిగి చనిపోయే రేటు తెల్ల పిల్లల కంటే ఏడు రెట్లకు పైగా ఉందని ఆ దేశపు ఆరోగ్య శాఖ సంస్థే చెబుతోంది. అక్కడ జాతివారీ లెక్క ఉంది కాబట్టి ఆ సంగతి బయటపడింది.

మన దగ్గర ఆ లెక్క లేదు. జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకారం 2022లో దేశంలో 38 వేల మందికి పైగా మునిగి చనిపోయారు. వయసు ఉంది, ఆడా మగా ఉంది, రాష్ట్రం ఉంది. కులం గడి లేదు. కమినిలో, తాడిపూడిలో పోయినవాళ్లది ఏ కులమని మేం అడగడం లేదు. ఏ ఇంటి బిడ్డ అయినా బిడ్డే. ఏటా జరిగే ఈ చావుల భారం ఎవరి మీద ఎక్కువ పడుతోందో తెలుసుకునే వీలు కూడా లేకుండా ఉంచడాన్ని ప్రశ్నిస్తున్నాం.

వరదల్లో మాత్రం గోదారికి అంకెలుంటాయి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. కలెక్టర్ దగ్గర్నుంచి సచివాలయం ఉద్యోగి దాకా అందరూ కదులుతారు. మంచిదే. కానీ నీరు తగ్గిన గోదారికి ఏ హెచ్చరికా ఉండదు. ఎక్కడో ఒక తుప్పు పట్టిన బోర్డు తప్ప.

2027లో పుష్కరాలు. 2015 జులై 14న రాజమండ్రి పుష్కర ఘాట్ తొక్కిసలాటలో పాతిక మందికి పైగా చనిపోయిన తర్వాత వస్తున్న పుష్కరాలివి కాబట్టి ఈసారి ఘాట్ల భద్రత గురించి గట్టిగానే మాట్లాడతారు. మెట్లు, కంచెలు, గజ ఈతగాళ్లు, పడవలు అన్నీ వస్తాయి. పన్నెండు రోజుల యాత్రికుడికి సాధ్యమైనది పన్నెండేళ్లూ ఆ ఒడ్డునే ఉండే లంక పిల్లవాడికి ఎందుకు సాధ్యం కాదు?

అదే 2027 మార్చి 20కి మహాడ్ చవదార్ చెరువులో అంబేడ్కర్ దోసిట నీళ్లు తీసుకుని వందేళ్లవుతుంది. ఆయన పేరు పెట్టినందుకు 2022 మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబెట్టిన జిల్లాలోనే కమిని ఉంది.

చెయ్యగలిగినవి కష్టమైనవేం కావు. బంగ్లాదేశ్‌లో ఊరి చెరువులోనే వెదురుతో అరుగు కట్టి, స్థానిక యువతకే శిక్షణ ఇచ్చి, వేల మంది పిల్లలకు ఈత నేర్పారు. స్కూలు పిల్లలకు ఈత, ఒడ్డున ఉన్నవాళ్లకు కాపాడే పద్ధతి నేర్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. మనకు ఈతగాళ్ల కొరత లేదు. బెస్త పేటల్లో, లంకల్లో ఉన్నారు. శవాలు తియ్యడానికి మాత్రమే వాళ్లను పిలుస్తున్నాం. ఏప్రిల్, మే నెలల్లో వాళ్లకు జీతమిచ్చి రేవుకి ఇద్దరిని పెట్టండి. పాటకివ్వని ఒక్క చెరువును ఊరికీ వాడకీ కలిపి ఈతకు వదలండి. ఇసుక తవ్విన రేవుల్లో లోతు కొలిచి, తాడు కట్టి, ఎర్ర జెండా పాతండి. ఆ గోతులు ఎవరు తవ్వారో ఆ ఖర్చు వాళ్ల దగ్గరే వసూలు చెయ్యండి.

విద్యార్థి సంఘాల మిత్రులకు ఒక పని ఉంది. ఈ వేసవిలో మీ మండలంలో మునిగి చనిపోయిన ప్రతి ఒక్కరి వివరం రాయండి: ఏ రేవు, ఏ పూట, ఎంత లోతు, ఇంటి నుంచి ఎంత దూరం, దగ్గర్లో దిగనిచ్చే చెరువు ఉందా లేదా. పుష్కర పనుల మీద గ్రామసభ పెట్టిన రోజున ఆ కాగితం పట్టుకుని వెళ్దాం.