ఉలి నీలం తిరిగితే తప్పు పోరనిదా?

పోస్ట్ కొంచెం పొడుగుంటది. డోర్ ఫిక్సింగ్, జాయినరీ పని చేసేటోళ్లు, వాళ్ల మీద సూపర్‌వైజర్లు ఓపికతో చదవండి.

పోయిన నెల షార్జాల మా విల్లాల సైట్‌లో ఒక తమ్మునికి ఎడమ అరచేయి తెగి ఐదు కుట్లు పడ్డయి. తాళం కోసం తలుపుకు గాడి తీస్తుంటే ఉలి జారింది. ఆఫీసు కాగితం మీద "అజాగ్రత్త" అని రాసిన్రు. పైగా ఖరాబైన ఉలి పైసలు వాని జీతంల కట్ చేసిన్రు. కంపెనీ పేరు రాయను, నా అన్నం కూడా అక్కడనే. కానీ ఆ ఉలిని నేను చేతిల పట్టుకొని చూసిన. అంచు పొంటి నీలం రంగు తిరిగి ఉంది.

ఆ నీలం ఎట్ల వచ్చింది? మా దగ్గర సాన పట్టడానికి ఉన్నది ఒక్కటే, చేతి గ్రైండర్. నాలుగించుల డిస్క్, నిమిషానికి దగ్గర దగ్గర 11,000 చుట్లు. ఇనుము కోసే సామాను అది. మామూలు ఉలి ఉక్కు 200 డిగ్రీలు దాటి వేడెక్కితే గట్టిదనం తగ్గుడు మొదలైతది. ముందు గడ్డి రంగు, తర్వాత గోధుమ రంగు, 300 దగ్గరికి పోతే నీలం. అంచు పలుచగ ఉంటది కాబట్టి రెండు సెకన్లల్ల అయిపోతది. నీలం వచ్చినంక నీళ్లల్ల ముంచినా పోయిన గట్టిదనం రాదు. ఆ భాగం మొత్తం అరగదీసేదాకా ఎంత నూరినా నాలుగు దెబ్బలకే మొద్దు. మొద్దు ఉలిని మనిషి బలం పెట్టి తోస్తడు, బలం పెట్టినప్పుడే జారుతది.

"తిండి తింటలేవా, గట్టిగ కొట్టు" అని ముందటి రోజు వాన్ని తిట్టింది నేనే. దాచిపెట్టను.

ఇగ "కార్పెంటర్ తన సామాను తనే చూసుకోవాలె" అనేటోళ్లకు ఒక మాట. మా ఊర్ల వడ్ల మామ తన ఉలి తనే నూరుకునేటోడు, నిజమే. కానీ టైమ్ ఆయనది, రాయి ఆయనది, పందిరి ఆయనది. ఇక్కడ పొద్దున ఐదింటికి బస్సు, రాత్రి రూముల ఎనిమిది మంది. డ్యూటీల రాయి ముందట కూసుంటే "టైమ్‌పాస్ చేస్తున్నవా" అని మనమే అరుస్తం. మరి ఎప్పుడు నూరాలె? కాంక్రీట్ వైబ్రేటర్ ఖరాబైతే లేబర్ జేబుల నుంచి కొనమని ఎవడన్న అన్నడా?

సరే, తక్కువ పైసల్ల ఏ మెషిన్ కొనాలె? సలహా ఇచ్చేటోళ్లు రెండు రకాలు, ఇద్దరిదీ నాకు నచ్చలేదు.

మొదటోళ్లు "ఆరించుల బెంచ్ గ్రైండర్ చాలు, చీప్" అంటరు. దాని ప్లేట్ చదవండి, 2,850 చుట్లు ఉంటది. అంటే రాయి అంచు సెకనుకు 22 మీటర్లు ఉరుకుతది. దాంతోపాటు వచ్చే బూడిద రంగు రాయి ఇనుము పనికోసం. మళ్లా అదే నీలం.

రెండోళ్లు వీడియోలు చూసి "నీళ్ల మెషిన్ లేకుంటే పని కాదు" అంటరు. స్వీడన్ వాళ్ల టోర్మెక్ టీ-8 మంచిదే. పదించుల రాయి, 90 చుట్లే, నీళ్లల్ల తిరుగుతది, ఉలి కాలదు. కానీ దాని రేటు మన కార్పెంటర్ రెండు నెలల జీతం దాకా పోతది. విరిగిన అంచు సాపు చేయాలంటే చానాసేపు నిలబడాలె. దుమ్ముల ఆ నీళ్లు గంటల బురద అయితయి. అడిగితే మేనేజర్ నవ్వుతడు, అసలు మెషినే రాదు.

నేను చెప్పేది ఎనిమిదించుల స్లో గ్రైండర్. ప్లేట్ మీద 1,400 పైచిలుకు ఉండాలె (సౌదీల 60 హెర్ట్జ్ కరెంటు, అక్కడ 1,725 దాకా ఉంటది). జాగ్రత్త, ఎనిమిదించులల్ల 2,850ది కూడా అమ్ముతరు. అది ఆరించుల దానికంటె అన్యాయం, సెకనుకు 30 మీటర్లు. 1,400ది అయితే 15 లోపే. దానికి తెల్ల రాయి వేయించండి. అది పొడి పొడిగ రాలుతది, కొత్త మొనలు తేలుతయి, వేడి తక్కువ. రాయి మీద రాసిన స్పీడ్ మెషిన్ స్పీడ్‌కంటె ఎక్కువ ఉండాలె, నడిమి తొర్ర సైజు కలవాలె. రాయి నున్నగైతే డ్రెస్సర్‌తో గీకాలె. ఉలి ఆనించే రెస్టు షాపులనే పట్టుకొని ఊపి చూడండి, ఊగితే వదిలేయండి. రెస్టుకు, రాయికి సందు మూడు మిల్లీమీటర్లు దాటొద్దు. స్లో అయినా ఒత్తితే కాలుతది, వేలుకు వేడి తగిలితే ఆపి నీళ్లల్ల ముంచాలె.

మెషిన్ మీద 25 డిగ్రీలు, ఆఖరున డైమండ్ ప్లేట్ మీద 30కి నాలుగు రుద్దులు. రోజూ కావలసింది ఆ ప్లేటే, మెషిన్ అంచు విరిగినప్పుడే. పైసలు ఒక్కదానికే ఉంటే ముందు ప్లేట్ కొనండి. కార్బైడ్ బిట్లు, రంపం బ్లేడ్లు మాత్రం ఈ తెల్ల రాయి మీద పెట్టకండి, అరగవు.

రెండు షాపుల కొటేషన్లు తీసుకొని మా మేనేజర్‌కు ఇచ్చిన. "చూద్దాం" అన్నడు. తమ్మునికి కట్ చేసిన ఉలి పైసలు వాపస్ ఇయ్యమని అదే కాగితం కింద రాసిన, దానికి జవాబే లేదు. ఆదివారం సెలవు, సోమవారం మళ్లా పోత. ఈసారి ఆ నీలం ఉలి కూడా పట్టుకపోయి ఆయన టేబుల్ మీద పెడత.