దిష్టి వెనక లెక్క

మార్చి 23, 2025. ఉప్పల్ స్టేడియంలో రాజస్థాన్ రాయల్స్ మీద మన సన్‌రైజర్స్ 286 పరుగులు బాదేశారు. ఇషాన్ కిషన్ ఒక్కడే 47 బంతుల్లో 106 కొట్టి నాటౌట్‌గా నిలిచాడు. నాలుగు రోజులు తిరిగాయి. అదే మైదానం, అదే జట్టు. లక్నో బౌలింగ్‌లో ఇషాన్ తొలి బంతికే అవుట్! జట్టు స్కోరు 190. మ్యాచ్ కూడా పోయింది.

అంతలా పొగిడితే దిష్టి తగలదూ... అంటారు మన ఇళ్లలో పెద్దవాళ్లు.

2024లోనూ ఇదే వరస. మార్చి 27న ఉప్పల్‌లో ముంబయి మీద 277. అప్పటికి ఐపీఎల్‌లో అదే అత్యధిక స్కోరు. తర్వాతి మ్యాచ్‌లో, అహ్మదాబాద్‌లో, 162.

ఈ దిష్టికి సైకాలజీ విద్యార్థులు భయపడుతూ చదివే స్టాటిస్టిక్స్‌లో వేరే పేరుంది: 'రిగ్రెషన్ టు ద మీన్'. అంటే సగటు వైపు తిరిగి రావడం. ఆటయినా పరీక్షయినా ఫలితంలో కొంత మన సత్తా, కొంత ఆ రోజు కలిసొచ్చిన అదృష్టం. అదరగొట్టిన రోజు రెండూ తోడై ఉంటాయి. సత్తా మర్నాడూ ఉంటుంది. అదృష్టం ఉండాలని లేదు. అందుకే ఎవరూ ఏమీ చేయకపోయినా తర్వాతి స్కోరు మామూలు స్థాయికి జరుగుతుంది. ప్రతిసారీ అంత దారుణంగా పడిపోవాలని లేదు. 2024లోనే బెంగళూరులో 287 కొట్టినవాళ్లు తర్వాత ఢిల్లీలో 266 చేశారు మరి! బాగా పొడవైన తల్లిదండ్రుల పిల్లలు సాధారణంగా వాళ్లంత పొడవు ఎదగరని గాల్టన్ 1886లోనే ఈ సంగతి గమనించారు.

సైకాలజీలో దీని గురించి చెప్పుకునే కథ మాత్రం డేనియల్ కానెమన్‌ది. ఇజ్రాయెల్ వైమానిక దళంలో శిక్షకులకు ఆయన పాఠం చెబుతున్నారు. శిక్ష కంటే మెచ్చుకోలే మేలన్నారు. ఓ సీనియర్ లేచి అడ్డం తిరిగాడు. బాగా నడిపినవాణ్ని మెచ్చుకుంటే తర్వాత చెడగొడుతున్నాడట, తిట్టినవాడు బాగుపడుతున్నాడట. కానెమన్ వాదించలేదు. వెనక్కి చూడకుండా ఓ గుర్తు మీదికి రెండేసి నాణేలు విసరమన్నారు. మొదటిది దగ్గరగా వేసినవాళ్లలో ఎక్కువమందికి రెండోది దూరం పోయింది. దూరం వేసినవాళ్లకు దగ్గరైంది. తిట్టిందీ లేదు, మెచ్చుకున్నదీ లేదు! కావాలంటే రూపాయి బిళ్లలతో మీ హాల్లోనే చేసి చూడండి. (2002లో నోబెల్ అందుకున్న ఈ పెద్దాయన కన్నుమూసింది 2024 మార్చి 27న. ఉప్పల్‌లో 277 కొట్టిన రోజే. కేవలం కాకతాళీయం, దిష్టి కాదు.)

ఇప్పుడు మన ఇళ్లకొద్దాం. వాడికి లెక్కల్లో 40 వచ్చింది. వీపు విమానం మోత మోగింది. తర్వాతి పరీక్షలో 55. 'నాలుగు తగిలిస్తేగానీ దారికి రాలేదు' అనుకుంటాం. 95 వచ్చినప్పుడు భుజం తట్టాం. తర్వాత 82. 'నెత్తికెక్కింది' అంటాం. ఇలా దెబ్బకు రాని ఘనత దెబ్బకు, మెచ్చుకోలుకు లేని నేరం మెచ్చుకోలుకు అంటగడుతూ ఏళ్లకేళ్లు పిల్లల్ని పెంచేస్తాం.

మరి ఏది నిజంగా పనిచేసిందో తేల్చేదెలా? ఉప్పల్ పక్కనే నాచారంలో ఓ ట్యూషన్ మాస్టారు ఉన్నారనుకుందాం. మార్కులు బాగా తగ్గిన 20 మందికి జ్ఞాపకశక్తి క్లాసు పెట్టారు. నెలకు సగటున 8 మార్కులు పెరిగాయి. వెంటనే ఫ్లెక్సీ కట్టేశారు! ఉస్మానియాలో సైకాలజీ చదివే అమ్మాయి ఆ ఫ్లెక్సీ చూస్తే అడగాల్సింది ఒకటే... క్లాసు లేకపోతే ఎంత పెరిగేవి?

అందుకే తక్కువ వచ్చిన 40 మందిని తీసుకుని చీటీలు వేయాలి. సగంమందికి క్లాసు, సగంమందికి మామూలు చదువే. ఈ రెండోదే కంట్రోల్ గ్రూపు. అందులోనూ 7 మార్కులు పెరిగితే క్లాసు ఘనత ఒక్క మార్కే. అంత చిన్న గుంపులో అదీ యాదృచ్ఛికం కావచ్చు. చీటీలెందుకంటే, మాస్టారే ఎంచితే చురుకైనవాళ్లంతా తెలియకుండానే ఓ వైపు చేరతారు. మా పిల్లలకెందుకు చెప్పలేదని రెండో గుంపు తల్లిదండ్రులు గొడవకొస్తే? ఫలితాలు లెక్కకట్టాక వచ్చే నెల వాళ్లకూ అదే క్లాసు చెబితే సరి. పరిశోధకులు చాలాసార్లు చేసేదీ అదే.