మనకెందుకు?

పెళ్ళయిన కొత్తలో ఒకరోజు మావారూ నేనూ ఏలూరు నుంచి స్కూటరు మీద వస్తున్నాం. రోడ్డు పక్కన ఒక కుర్రాడు పడి ఉన్నాడు. సైకిలు ఒకచోట, చెప్పులు ఒకచోట. చుట్టూ పదిమంది నిలబడి చూస్తున్నారు. మావారు బండి ఆపి దిగబోతే, చొక్కా పట్టుకుని ఆపేసింది నేనే. "మనకెందుకండీ, పోలీసులు, కోర్టులూ! రేపు మీరే గుద్దారంటే?" అన్నాను. ఆయన మారు మాట్లాడకుండా బండి స్టార్టు చేశారు. ఆ రాత్రి ఇద్దరికీ అన్నం సయించలేదు. ఆ కుర్రాడు బతికాడో లేదో ఈనాటికీ నాకు తెలీదు.

నా భయం ఊరికే పుట్టింది కాదు. దెబ్బలు తగిలిన ఒకాయన్ని ఆస్పత్రిలో చేర్చినందుకు మా బాబాయి పనులు మానుకుని కోర్టు వాయిదాలకి తిరిగాడు. పుణ్యానికి పోతే పాపం ఎదురైందని మా ఇంట్లో అందరూ అనేవారు.

కానీ ఇప్పుడు రోజులు మారాయి. ఢిల్లీలోని సేవ్‌లైఫ్ ఫౌండేషన్ అనే సంస్థ 2012లో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం మీద సుప్రీంకోర్టు 2016 మార్చి 30న తీర్పు చెప్పింది. తర్వాత 2019లో మోటారు వాహనాల చట్టానికి 134ఎ సెక్షను చేర్చారు. 2020లో నిబంధనలు వచ్చాయి. రోడ్డు ప్రమాదంలో గాయపడినవారికి ప్రతిఫలం ఆశించకుండా, మంచి మనసుతో సాయం చేసినవారి మీద కేసు పెట్టడానికి వీల్లేదు. తెలియక ఏదైనా పొరపాటు జరిగినా సరే. పేరు, చిరునామా చెప్పి తీరాలని పోలీసులు బలవంతం చేయకూడదు. చేర్చినవాళ్ళే డబ్బు కట్టాలని ఆస్పత్రి పట్టుపట్టకూడదు. మనంతట మనం సాక్ష్యానికి ఒప్పుకుంటేనే అడగాలి. అదీ మనకి వీలైన చోట, మామూలు దుస్తుల్లో వచ్చి, వీలైనంతవరకు ఒక్కసారే.

ఈ హక్కుల పట్టికను ఆస్పత్రి గుమ్మం దగ్గర ఇంగ్లీషు, హిందీతో పాటు స్థానిక భాషలో కూడా పెట్టాలని నిబంధన. ఈమధ్య నేను వెళ్ళిన ఒక ఆస్పత్రిలో ఎంత వెతికినా అది కనపడలేదు. హెల్త్ చెకప్ ప్యాకేజీల బోర్డులు మాత్రం నిలువెత్తున ఉన్నాయి. రాసుకున్న చట్టం జనానికి తెలియకపోతే దానివల్ల ఒరిగేదేముంది? ఈసారి ఆస్పత్రికి వెళ్ళినప్పుడు మీరూ చూడండి. లేకపోతే ఎందుకు లేదని అడగండి.

మన దేశంలో 2022 ఒక్క ఏడాదిలోనే రోడ్డు ప్రమాదాల్లో 1,68,000 మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో ఎందరి చుట్టూ జనం నిలబడి చూస్తూ ఉండిపోయారో!

మొన్న ఈ చట్టం సంగతి మా అబ్బాయికి చెబుతుంటే, "అయినా మనకెందుకమ్మా?" అన్నాడు. వాడికి పదిహేనేళ్ళు. ఆ మాట వాడు బళ్ళో నేర్చుకోలేదు, నా దగ్గరే నేర్చుకున్నాడు.

అందుకే మన ఆడవాళ్ళకి చెబుతున్నాను. ఇంట్లోంచి బయటికి వెళ్ళేవాళ్ళకి జాగ్రత్తలు చెప్పేది మనమే కదా! ఆ జాగ్రత్తల్లో ఇదీ ఒకటి కలపండి: "దారిలో ఎవరైనా పడి ఉంటే ఆగు. 108కి ఫోన్ చెయ్యి. అంబులెన్సు వచ్చేదాకా పక్కన ఉండు. నీకేం కాదు."