చక్రాల మీద వంటిల్లు

కారవాన్ టూరిజం అనే మాట ఈ మధ్య పేపర్లలో తరచు కనిపిస్తోంది. కేరళ ప్రభుత్వం 2021లో 'కేరవాన్ కేరళ' పేరుతో దీన్ని మొదలుపెట్టింది. మన రాష్ట్రంలోనూ పర్యాటక శాఖ ఆ మాటే మాట్లాడుతోంది. పడకలు, స్నానాలగది, చిన్న వంటిల్లు అమర్చిన బండి. సముద్రం ఒడ్డునో కొండ కిందో ఆపుకుని, నచ్చినన్నాళ్ళు ఉండి, అక్కడి తిండి రుచి చూసి, మళ్ళీ కదలడం. ఇలాంటి బండ్ల ప్రకటనల్లో బొమ్మలు చూశారా? అతను స్టీరింగ్ దగ్గరో మడత కుర్చీలోనో ఉంటాడు. ఆమె బండి తలుపు దగ్గర కాఫీ కప్పులు పట్టుకుని నవ్వుతూ నిలబడి ఉంటుంది. ఆ కాఫీ ఎవరు కలిపారో ఎవరూ అడగరు.

నాకు బండి మీద కోపం లేదు. అందులో వంటిల్లు ఎందుకుందన్నదే నా ప్రశ్న. ఇల్లు వదిలి వెళ్ళడమంటే స్త్రీకి ముందు వంటిల్లు వదలడం. దానికి చక్రాలు బిగించి వెంట తెచ్చి, ఇదే స్వేచ్ఛ అంటే ఎట్లా నమ్మాలి?

ఇదేదో కొత్త వింత అనుకునేవాళ్ళు ఒకసారి కార్తీక సోమవారం నాడు నంద్యాల రావాలి. సముద్రం ఉండదు కానీ మిగతాదంతా ఉంటుంది. పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గుంకేలోపు తొమ్మిది నందుల్నీ చూడాలని ఒక ఆచారం. ప్రథమనంది, నాగనంది, సోమనంది ఊళ్ళోనే. అక్కడి నుంచి నల్లమల వైపు సూర్యనంది, శివనంది, కృష్ణనంది, గరుడనంది, వినాయకనంది, మహానంది. దీనికోసం ఒక టెంపో మాట్లాడుకుంటారు. వెనక సీటు కింద గ్యాస్ సిలిండర్, పొయ్యి, బియ్యం మూట, గిన్నెలు, తాగే నీళ్ళ క్యాన్లు. అరిటాకుల కట్ట పైన. తెల్లవారుజామున రెండు గంటలకే లేచి కలిపిన పులిహోర, చిత్రాన్నం, ముందురోజు రాత్రి కాల్చిన జొన్నరొట్టెలు, పిల్లలకు భక్ష్యాలు. మహానంది తోటల్లో ఒక చెట్టు కింద బండి ఆగుతుంది. కోనేట్లో ఆ స్వచ్ఛమైన నీళ్ళు మోకాళ్ళకు తగలగానే మగవాళ్ళకు ఆకలి గుర్తొస్తుంది. పొయ్యి వెలుగుతుంది. అన్నం ఉడికేలోపు వాళ్ళు దర్శనం చేసుకొస్తారు. తిన్నాక కాసేపు కునుకు తీస్తారు. గిన్నెలు కడిగి, మిగిలింది సర్ది, సిలిండర్ లోపల పెట్టాక బండి కదులుతుంది.

ఒకసారి తిరుగు ప్రయాణంలో నా ముందు సీట్లో ఇద్దరు మాట్లాడుకుంటున్నారు.

"వదినా, మనం సూర్యనంది చూసినామా?"

"నువ్వు చూసింటావులేమ్మా. నేను పొయ్యి కాడ ఉంటి."

ఆమె దాన్ని ఫిర్యాదుగా చెప్పలేదు, ఉన్న సంగతి చెప్పింది. తొమ్మిది నందులకు బయల్దేరిన మనిషి ఎన్ని చూసిందో ఆమె కూడా లెక్కపెట్టుకోలేదు. ఇంటికి పోయాక అందరూ కలిసి 'నవనందులు చూసొచ్చినాం' అంటారు. ఆ 'అందరూ'లో ఆమె ఉంటుంది.

2024 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దాని మీద రోజుకు 289 నిమిషాలు పెడుతున్నారు. చేసే మగవాళ్ళు 88 నిమిషాలు. యాత్రకు వెళ్ళిన రోజు ఆ లెక్క ఎంతవుతుందో ఎవరైనా విడిగా తీస్తే బాగుండును. తగ్గుతుందని నేననుకోను.

'బయటి తిండి పడదు' అనేది మన యాత్రల్లో పెద్ద అబద్ధం. ఎవరికి పడదు? ఆళ్ళగడ్డలో పొద్దున్నే బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు వేడివేడిగా దొరుకుతాయి. టీ తాగే నెపంతో అక్కడ దిగి ఒక ప్లేటు లాగించి వచ్చేది మగవాళ్ళే. వాళ్ళ కడుపుకు ఏ ఇబ్బందీ లేదు. బండి దగ్గర నిలబడి తినే ఆడమనిషిని చుట్టూ ఉన్నవాళ్ళు చూసే చూపే అసలు ఇబ్బంది. స్థానిక రుచులు అని పర్యాటక పుస్తకాల్లో రాస్తారు కదా, ఆ రుచులు ఇంట్లో వండేది మనం, రోడ్డు మీద కూర్చుని తినేది వాళ్ళు.

ఈ తోవ కథ పాతది. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయల్దేరినప్పుడు ఈ అహోబిలం, మహానందుల మీదుగానే వెళ్ళాడు. డేరాలు, బోయీలు, పెద్ద పరివారం. పదిహేను నెలల ప్రయాణం. ఏ మజిలీలో నీళ్ళు బాగుంటాయి, ఎక్కడ సరుకులు దొరుకుతాయి, ఎక్కడ దిగడానికి వసతి ఉంది అని ఓపిగ్గా రాసిపెట్టాడు. 1838లో అచ్చయిన ఆ పుస్తకం మన యాత్రా సాహిత్యానికి మొదటి మెట్టు, అందులో సందేహం లేదు. కానీ ఆ మజిలీల్లో నీళ్ళు మోసినవాళ్ళు, అంట్లు తోమినవాళ్ళు ఏం చూశారో మనకెప్పటికీ తెలియదు. పోతం జానకమ్మ రాఘవయ్య 1870లలో ఇంగ్లండు వెళ్ళొచ్చి 1876లో పుస్తకం వేయగలిగిందంటే ఆమె చేతిలో కలం ఉండేంత తీరిక, కులం, డబ్బు ఉన్నాయి. తర్వాత నాయని కృష్ణకుమారి కాశ్మీరు గురించి రాశారు. ఈ జాబితా పొడవుగా లేకపోవడానికి స్త్రీలకు రాయడం రాకపోవడం కారణమని ఎవరైనా అంటే వాళ్ళను టెంపో వెనక సీటు కిందికి వంగి చూడమంటాను.

అహోబిలం పారువేట సంగతి కూడా చెప్పాలి. కనుమ నాడు మొదలై నలభై రోజులకు పైగా ఆళ్ళగడ్డ చుట్టుపక్కల ముప్పైకి పైగా ఊళ్ళలో స్వామి పల్లకిలో తిరుగుతాడు. చెంచులక్ష్మితో తన పెళ్ళికి ఊరూరా పిలుపు ఇవ్వడానికట. ప్రతి ఊళ్ళో మజిలీ, ప్రతి ఊళ్ళో విందు. పల్లకిలో ఉండేది జ్వాలానృసింహుడు, ప్రహ్లాదవరదుడు. కథలో అడవి అంతా తిరిగింది, విల్లు పట్టింది చెంచులక్ష్మి. వేట ఆమె విద్య. పెళ్ళి కుదరగానే వేట పేరుతో తిరిగే హక్కు పెళ్ళికొడుక్కి వచ్చింది! ఆ ఊళ్ళలో స్వామి వచ్చే రోజు ఇళ్ళు అలికి, ముగ్గులు పెట్టి, చుట్టాలకు వండి పెట్టేదెవరో మళ్ళీ చెప్పాలా? భక్తులను నొప్పించాలని కాదు. ఆ పండగ నాకూ ఇష్టమే, ఆ నలభై రోజుల తిరుగుడు మీద నాకు అసూయ.

ఇక్కడ మనలో మనం కూడా ఒక మాట అనుకోవాలి. చదువుకున్నవాళ్ళం, రాసేవాళ్ళం, గుడికి వెళ్ళే బస్సులోని స్త్రీలను కొంచెం జాలిగా చూస్తాం. ఒంటరి ప్రయాణం గొప్పది, తీర్థయాత్ర వెనకబాటు అని ఒక లెక్క. ఆ బస్సులోని స్త్రీకి దేవుడు ఒక అనుమతి పత్రం. 'ఊరికే తిరిగొస్తా' అంటే ఇల్లు కదలనివ్వదు, 'మొక్కుంది' అంటే అడ్డు చెప్పలేదు. ఆమె ఆ తెలివితోనే తరతరాలుగా గడప దాటుతోంది. ముంబయిలో శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే 2011లో తెచ్చిన 'వై లాయిటర్?' పుస్తకం, పనేమీ లేకుండా వీధిలో ఉండే హక్కు స్త్రీలకు కావాలంది. మా వైపు స్త్రీలకు ఆ పుస్తకం తెలియదు. మొక్కుబడి అనే ముసుగులో వాళ్ళు కోరుకునేది చాలావరకు అదే.

2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో 'స్త్రీశక్తి' పేరుతో ఉచిత బస్సు మొదలయ్యాక ఆ ముసుగు కొంచెం జారింది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచే ఉంది. వెంటనే ఎన్ని జోకులు! పనీపాటా లేకుండా తిరుగుతున్నారట, సీట్లు దొరకడం లేదట. పని మీదే తిరగాలని మగవాళ్ళకు ఎప్పుడైనా ఎవరైనా చెప్పారా? సాయంత్రం సెంటర్లో రెండు గంటలు నిలబడే మగవాణ్ణి ఏం పనిమీద వచ్చావని అడిగినవాళ్ళు లేరు. ఉచిత బస్సు ఓట్ల కోసమే అనేవాళ్ళు అననీ. ఓటు కోసమైనా గడప దాటించింది, చాలు.

అయితే బస్సు ఒక్కటే సరిపోదు. దిగాక ఏముంది? తలుపు గడియ పడే మరుగుదొడ్డి ఎన్ని చోట్ల ఉంది? పొద్దున బయల్దేరిన దగ్గర నుంచి నీళ్ళు తాగకుండా బిగబట్టుకుని తిరిగే స్త్రీల సంఖ్య ఏ పర్యాటక నివేదికలోనూ ఉండదు. ఒంటరి స్త్రీకి గది ఇవ్వం అని మొహం మీద చెప్పే సత్రాలు, లాడ్జీలు నాకు కొన్ని అనుభవమే. ఎవరైనా తోడున్నారా అని అడుగుతారు. మగ తోడు అని అర్థం. లక్షలు పోసి బండికి స్నానాలగది బిగించే ముందు, రాత్రి దిగిన ఒక ఆడమనిషికి ఆధార్ కార్డు చూసి గది ఇమ్మని ఒక ఉత్తర్వు ఇవ్వొచ్చు. దానికి పెట్టుబడిదారులు అక్కర్లేదు.

కారవాన్ పార్కులు నల్లమల అంచుల్లోకి కూడా వస్తే వాటిని ఊడ్చేదెవరో ఇప్పుడే అడగాలి. పులుల అభయారణ్యం పేరుతో చెంచులకు తమ అడవిలోనే అడుగడుగునా ఆంక్షలు. అదే అడవిలో బయటివాళ్ళు బండి ఆపుకుని నక్షత్రాలు చూస్తారు, చెంచు స్త్రీకి చీపురు ఇస్తారు, ఉపాధి కల్పించామని రాసుకుంటారు.

వచ్చే కార్తీకానికి మా వీధి స్త్రీలం కొందరం టెంపో వద్దనుకున్నాం. పల్లెవెలుగు ఎక్కి, సున్నా టికెట్టు తీసుకుని, ఎన్ని నందులు వీలైతే అన్నే చూస్తాం. మధ్యాహ్నం ఎక్కడ ఏది దొరికితే అది తింటాం. పొయ్యి, సిలిండర్ ఇంట్లోనే ఉంటాయి. మగవాళ్ళు రావచ్చు, వాళ్ళ టికెట్లు వాళ్ళు కొనుక్కుని, వాళ్ళ సద్ది వాళ్ళు కట్టుకుని.